నీళ్ళు దించే పద్ధతి

మా ఆయనకి కోటు ఒకటే ఉంది, పెళ్ళినాటిది. చట్టసభ కమిటీ ముందు సాక్ష్యం చెప్పడానికి అది వేసుకెళ్ళాలంటే పక్క కుట్లు విప్పి, లోపల మడిచిన గుడ్డంతా బయటికి వదిలి మళ్ళీ కుట్టాలి. నేను చేసే పనే అది. సెంటర్లో బట్టలు సరిచేసే షాపు నాది. వదులువి బిగిస్తాను, బిగుతువి వదులు చేస్తాను. ఊళ్ళో సగంమంది నడుము కొలతలు నాకు తెలుసు, ఎవరివీ ఎవరికీ చెప్పను. మా ఆయన దగ్గర మాత్రం నోరు ఊరుకోలేదు.

"ఉన్న గుడ్డంతా వదిలేశాను. ఇంకో అంగుళం పెరిగితే తలుపు తెర చింపి అతకాల్సిందే," అన్నాను.

"ఏం చెయ్యమంటావ్? నీళ్ళు పరిగెడతాయి, నేను కూర్చుంటాను. నా ఉద్యోగమే అది," అన్నారాయన.

ఊరికి పైనున్న డ్యాంలో షిఫ్టు ఇంజనీరు ఆయన. కంట్రోలు రూములో కూర్చుని, కరెంటు ఎంత కావాలో లోడు ఆఫీసు ఫోన్లో చెబితే, మిషన్లలోకి అంత నీరు వదులుతారు. ఉదయం వాడకం ఎక్కువ కాబట్టి నీళ్ళు ఎక్కువ. ఎండెక్కాక వాడకం తగ్గుతుంది, నీళ్ళూ తగ్గించేస్తారు. కంట్రోలు రూము భాషలో దీన్ని నీళ్ళు దించడం అంటారు. ఇంతవరకూ గొడవేమీ లేదు. గొడవంతా ఆ దించడం ఎంత వేగంగా అన్న దగ్గరే.

డ్యాం కింద, నది అంచున గులకరాళ్ళ మధ్య ఒక చేప ఉంది. గులకచేప అంటారు. ఇంకెక్కడా లేదట. ఈ నదిలోనూ డ్యాం కిందున్న ఈ కాస్త ముక్కలోనే ఉందట. దాని పిల్లలు వేలెడు కూడా ఉండవు. నీళ్ళు మెల్లిగా తగ్గితే నీళ్ళతోపాటే అవీ నదిలోకి జారుకుంటాయి. ఒక్కసారిగా తగ్గితే రాళ్ళ సందుల్లో, గుంటల్లో చిక్కుకుపోతాయి. ఆ తర్వాత పని ఎండ చూసుకుంటుంది.

ఈ సంగతులన్నీ నాకెలా తెలుసంటే, మా చెల్లెలి ఉద్యోగం ఆ చేపే. చదువు అయ్యాక చేపల శాఖవాళ్ళు ఇక్కడే వేశారు. మా ముందుగదిలోనే ఉంటుంది. కాలనీలో అందరూ దాన్ని చేపలమ్మ అంటారు, అదీ పలుకుతుంది. మోకాళ్ళదాకా బూట్లు వేసుకుని పొద్దున్నే నదికి పోతుంది. వచ్చేటప్పుడు ఆ బూట్లనిండా ఇసుక తెచ్చి నా వసారాలో పోస్తుంది. నది సగం మా ఇంటికే వచ్చిందని నేను అరుస్తాను, వచ్చే ఏడాది డ్యాం కూడా తెస్తానంటుంది.

ఒకరోజు అది వచ్చి కంచం ముందు కూర్చుని ముద్ద ముట్టలేదు. ఏమైందని అడిగితే, ఆ రోజు ఎండలో ఎండిపోయిన పిల్లల్ని ఏరానని చెప్పింది. ఎన్ని ఏరిందో చెప్పలేదు. చేతులు మాత్రం కొంగుతో, కొంగయ్యాక తువ్వాలుతో తుడుచుకుంటూనే ఉంది.

మరదలు అలా ఉంటే బావగారు ఊరుకుంటారా? కోతలు మొదలుపెట్టారు. "ఓస్, దీనికేనా? ఇంతకీ ఆ నీళ్ళు దించేది ఎవరనుకున్నావే మరదలా? నీ బావ! ఒక్కమాట చెప్పు చాలు. కోడిపిల్లల్ని గంపలోంచి దించినంత మెల్లిగా దించుతాను."

"నిజంగా కుదురుతుందా బావా? మిషను సగం నీళ్ళతో మధ్యలో నిలబడదంటారు కదా, వణుకుతుందంటారు కదా?"

"ఒక్క మిషనైతే వణుకుతుంది. మనకి రెండున్నాయి. మేడ మీంచి మంచం దించడం చూళ్ళేదూ? పై మనిషి పట్టుకుని ఆగుతాడు, కింది మనిషి ఒక మెట్టు దిగుతాడు. తర్వాత కింది మనిషి ఆగుతాడు, పై మనిషి దిగుతాడు. అంతే. రెండు మిషన్లూ అలా వంతులేసుకుని దిగుతాయి. కొంచెం ఓపికుండాలి, మీ అక్కతో కాపురం చేస్తున్నాను, నాకు ఓపిక లేకపోవడమేమిటి?"

అలా మొదలైంది. ఆయన షిఫ్టున్న రోజుల్లో నీళ్ళు మెల్లిగా దిగేవి. ఆ రోజుల్లో చెల్లి ఇంటికొచ్చే తీరే వేరు, గుమ్మంలోనే "బావా, ఒక్కటి కూడా చావలేదు!" అని కేక పెట్టేది. ఆయన మీసం లేని చోట మీసం మెలేసేవారు.

ఒకసారి నేను ఆయన్ని విడిగా అడిగాను. "లోడు ఆఫీసు దీనికి ఒప్పుకుందా?"

"వాళ్ళు ఫోన్లో వెంటనే దించెయ్యమనే అంటారు. మిషను వేడిగా ఉంది, టైం పడుతుందని చెబుతాను. నమ్ముతారు."

"నమ్మకపోతే?"

"నమ్ముతారన్నానుగా. దానికి మాత్రం చెప్పకు. బావ చాటుగా చేస్తున్నాడంటే ఏం బాగుంటుంది?"

నేను చెప్పలేదు. చెల్లి ఇది బావ అధికారంలో ఉన్న పనే అనుకుంది. అనుకోనిచ్చాం. ఇంట్లో అందరూ నవ్వుతూ భోంచేస్తున్నారు, ఆ నవ్వు చెడగొట్టడం నాకిష్టం లేకపోయింది.

ఇంతలో బిల్లు వచ్చింది. డ్యాం లైసెన్సు గడువు ముగియబోతోంది, కొత్తది కావాలంటే కొత్త చట్టం కావాలి. బిల్లులో మూడు విషయాలు. కంపెనీ డ్యాంని ఇంకో తరం నడుపుకోవచ్చు. కరెంటు అమ్మగా వచ్చినదాంట్లో కొంత గులకచేప కోసం నిధిగా పక్కన పెట్టాలి. మూడోది, నీళ్ళు ఎప్పుడు దించినా నెమ్మదిగానే దించాలి. మొదటి దానికి కంపెనీ సరేనంది. రెండోదానికి సణిగి సరేనంది. మూడోదాని దగ్గర భీష్మించుకు కూర్చుంది, ఎందుకంటే నెమ్మదిగా దించినంతసేపూ గిరాకీ లేని కరెంటు తయారవుతూ ఉంటుంది. చెల్లికి మాత్రం ఆ మూడోదే ప్రాణం. "నిధి వస్తే మంచిదే అక్కా. కానీ నీళ్ళు మెల్లిగా దిగకపోతే ఎంత నిధి ఉండి ఏం లాభం? కొన్నేళ్ళకి ఆ నిధితో చేప బొమ్మ ఒకటి చేయించి పెట్టుకోవాలి," అనేది.

కమిటీ రెండు పక్షాల్నీ పిలిచింది. చేప పక్షాన మా చెల్లి. కంపెనీ పక్షాన, మిషన్ల గురించి చెప్పడానికి, మా ఆయన.

బయల్దేరే ముందు సాయంత్రం ఆయన్ని కోటు వేసి నిలబెట్టి గుండుసూదులు గుచ్చుతున్నాను. ఆ రోజే డ్యాం చీఫ్ ఇంజనీరు తన గదిలోకి పిలిచి, కమిటీలో ఏం చెప్పాలో చెప్పారట.

"మిషను మధ్యలో నిలబడదు, వణుకుతుంది, అందుకని నెమ్మదిగా దించడం కుదరదు. ఇదే చెప్పాలి."

నా నోట్లో సూదులున్నాయి. వాటి పక్కనుంచే అడిగాను. "అది అబద్ధం కదండీ?"

"ఒక్క మిషను సంగతిగా చూస్తే నిజమే."

"రెండున్నాయిగా?"

"అది ఎవరడుగుతారు? వాళ్ళలో ఒకడికీ మిషను మొహం తెలీదు." నా వైపు తల తిప్పి, "అడిగితే ఏం చెప్పాలంటావ్? ఇన్నాళ్ళూ లోడు ఆఫీసు మాట వినలేదని బయటపడితే కుర్చీలోంచి లేపేస్తారు," అన్నారు. ఆ అడగడం మామూలుగా లేదు. ఏం చెప్పమంటే అది చెప్పేలా ఉన్నారు.

పక్కగదిలో చెల్లి తలుపేసుకుని తన మాటలు బట్టీ పడుతోంది. నేను ఒక్క క్షణం ఆలోచించానంటే అది కూడా అబద్ధమే. "మనకెందుకొచ్చిన గొడవ. చీఫ్ చెప్పమన్నదే చెప్పెయ్యండి," అన్నాను. అని, ఆయన వీపు తిప్పి అవతలి పక్క సూదులు గుచ్చాను.

చెల్లి బయటికొచ్చి బావని కోటులో చూసి ఈల వేసింది. నా చెవిలో, "రేపు బావ గురించి నలుగురి ముందూ ఒక మంచిమాట చెప్పబోతున్నానక్కా, ఇప్పుడే చెప్పేయకు," అంది. ఏం మంచిమాట అని నేను అడగాల్సింది. కుట్టు తెగి చేతిలో ఉంది, తర్వాత అడుగుదాం అనుకున్నాను.

ముగ్గురం ఒకే బస్సులో వెళ్ళాం. రెండు పక్షాల సాక్షులూ ఒకే టిఫిను డబ్బా పంచుకుని తిన్నారు.

కమిటీ గది నేను ఊహించినంత గొప్పగా లేదు. లాడంలా వంచిన బల్ల, ప్రతి కుర్చీ ముందూ మైకు, ఎర్రలైటు. తివాచీ ఒక మూల పైకి లేచి ఉంది, వచ్చినవాళ్ళందరూ అక్కడే తట్టుకుంటున్నారు. చూడ్డానికి వచ్చినవాళ్ళకి వెనక తాడు కట్టి కుర్చీలు వేశారు. అక్కడ కూర్చున్నవాళ్ళు నోరు మెదపకూడదని గోడమీద రాసి ఉంది. నా అలవాటుకొద్దీ బట్టలు చూశాను. మధ్యలో కూర్చున్న అధ్యక్షురాలి జాకెట్టు ఖరీదైనదే కానీ చేతులు పొడుగు, మాటిమాటికీ వెనక్కి లాక్కుంటోంది. చివర్న ఒకాయన, మందుల షాపు నడుపుకునేవాడట, కాలరు చిరిగితే తిరగేసి కుట్టించుకున్నాడు. పని శుభ్రంగా ఉంది. ఆయన నాకు నచ్చాడు. నచ్చకుండా ఉంటే బాగుండేది.

ముందు చెల్లి ప్రమాణం చేసి మాట్లాడింది. తడబడకుండా, ఎవరికీ తెలియని మాట ఒక్కటి కూడా వాడకుండా చెప్పింది. చేప ఎక్కడ గుడ్లు పెడుతుందో, పిల్లలు ఎందుకు అంచునే ఉంటాయో చెబుతుంటే సభ్యులు పెన్నులు కింద పెట్టి విన్నారు. నా పక్కన కూర్చున్న ముసలాయన "ఎవరమ్మాయో గానీ ముద్దుగా చెబుతోంది," అన్నాడు. మా చెల్లే అన్నాను, గర్వంగా.

అప్పుడు అంది. "నెమ్మదిగా దించడం కుదరదని కంపెనీ చెబుతుందని విన్నాను. కానీ కొన్ని రోజులు డ్యాంలో అలా దించుతూనే ఉన్నారండీ. ఆ రోజుల్లో గులకల్లో ఒక్క పిల్ల కూడా చావలేదు. అలా చేసినవాళ్ళకి ఈ సభలో కృతజ్ఞతలు చెప్పుకుంటున్నాను."

చెప్పి, బావ కూర్చున్న వైపు తిరిగి నవ్వింది. ఆ మంచిమాట ఇది. ఆయన వెనక వరసలోనే చీఫ్ ఉన్నారు.

తర్వాత మా ఆయన లేచారు. వెళ్ళేటప్పుడు తివాచీ మూలకి తట్టుకున్నారు. ప్రమాణం చేశారు. మిషను వణుకు గురించి చీఫ్ చెప్పమన్నదంతా చెప్పారు. గొంతు బాగానే ఉంది. అయిపోయిందనుకుని కూర్చోబోతుంటే, కాలరు తిరగేసినాయన మైకు నొక్కాడు.

"నాకు మిషన్ల సంగతి తెలీదండీ, మాత్రలు అమ్ముకునేవాణ్ణి. మీ దగ్గర రెండు మిషన్లున్నాయి కదా? ఒకటి ఆగి ఉంటే రెండోది కాస్త దిగి, మళ్ళీ అది ఆగితే ఇది దిగి... అలా కుదరదా?"

మా ఆయన గ్లాసెత్తి నీళ్ళు తాగారు. ఎదురుగా బల్లకి అవతల చెల్లి కూర్చుని ఉంది. ఇంకా నవ్వుతూనే ఉంది పిచ్చిది, బావ ఇప్పుడు మంచం కథ చెబుతాడని.

"కుదరదండీ," అన్నారాయన.

"ఎప్పుడైనా చేసి చూశారా?"

"లేదండీ. మా డ్యాంలో ఎప్పుడూ అలా చేయలేదు."

ఆయన్ని ఎవరూ బెదిరించలేదు. ఆ మాట అంటున్నప్పుడు చీఫ్ ఆయన వైపు చూడటం కూడా లేదు, కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు. కళ్ళెర్రజేసి ఉంటే, బల్ల గుద్ది ఉంటే, నాకు చెప్పుకోవడానికి ఏదో ఒకటి ఉండేది. ఏమీ లేదు. అంత అలవోకగా అన్నారు.

అధ్యక్షురాలు చేతులు వెనక్కి లాక్కుని చెల్లిని మళ్ళీ మైకు దగ్గరికి పిలిచింది. "ఇద్దరూ ప్రమాణం చేసినవాళ్ళే. డ్యాంలో అలా చేస్తున్నారని మీరంటున్నారు, ఎప్పుడూ చేయలేదని ఆయనంటున్నారు. ఏ రోజుల్లో నెమ్మదిగా దిగాయో చెప్పగలరా? ఆ రోజుల్లో డ్యూటీలో ఎవరున్నారో కంపెనీని అడిగి తేల్చుకుంటాం."

చెల్లికి అప్పుడు అర్థమైంది. దాని ముఖంలో అర్థం కావడం నాకు కనిపించింది. ముందు బావ వైపు చూసింది, తర్వాత వెనకున్న చీఫ్ వైపు, తర్వాత ఎక్కడో దూరంగా తాడు వెనకున్న నా వైపు. ఆ రోజులన్నీ బావ షిఫ్టులే. ఆ మాట ఒక్కటి అంటే చాలు. మూడో క్లాజు నిలబడిపోతుంది. ఇన్నేళ్ళు ఎండలో వంగి ఏరినదంతా ఆ ఒక్క మాటకోసమే.

"రోజులు... చెప్పలేనండీ," అంది. "అలా దిగినట్టు నాకు అనిపించింది. కింద పక్కవాగు ఒకటి నదిలో కలుస్తుంది. ఆ రోజుల్లో వాగు పొంగి నీళ్ళు నిలబెట్టి ఉండొచ్చు. నేను వాగు చూసుకోలేదు."

"చూసుకోలేదా?"

"లేదండీ. నా పొరపాటు."

వాగు చూసుకోలేదట! పొద్దున టీ తాగకముందే వాగులో కొలబద్ద చూసి వచ్చే పిల్ల అది. జ్వరమొస్తే నన్ను పంపి కొలబద్ద చూడమన్న పిల్ల.

బల్ల దగ్గర ఒక సభ్యుడు, "చేపల్ని చూసినంత శ్రద్ధగా వాగుని కూడా చూసి ఉంటే మాకు ఈ పూట మిగిలేదమ్మా," అన్నాడు. అందరూ నవ్వారు. చీఫ్ కూడా నవ్వారు. నా పక్క ముసలాయన నవ్వాడు, నేను అక్కనని గుర్తొచ్చి ఆపుకున్నాడు. మందుల షాపాయన మాత్రం నవ్వలేదు, రాసుకున్నదేదో కొట్టేశాడు. మా ఆయన తేలుకుట్టిన దొంగలా బల్ల వైపే చూస్తూ కూర్చున్నారు. చెల్లి కూడా నవ్వింది, అందరితోపాటు, తప్పుచేసిన చిన్నపిల్లలా తల వంచుకుని.

ఆ క్షణంలో నాకు ముందుగా ఏమనిపించిందో చెప్పాలి. హాయిగా అనిపించింది. హమ్మయ్య, గట్టెక్కాం అనుకున్నాను. ఊపిరి కూడా వదిలాను, నాకే వినబడేలా. సిగ్గు తర్వాత వచ్చింది. వచ్చింది మాత్రం మళ్ళీ పోలేదు. తల కొట్టేసినట్టయి, లేచి నిలబడి నాకు తెలిసింది చెప్పెయ్యాలనుకున్నాను. గోడమీద రాత చూసి కూర్చుండిపోయాను. గోడమీద రాత లేకపోయినా కూర్చునేదాన్నే.

మధ్యాహ్నం విరామంలో ఆయన వరండాలో బెంచీమీద కోటు విప్పి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. నేను వెళ్ళగానే లేచారు. "నావల్ల కాదు. దాని ముఖం చూడలేను. వెళ్ళి నిజం చెప్పేస్తాను. ఉద్యోగం పోతే పోనీ," అన్నారు. నేను అడ్డుచెప్పలేదు. ఆ పుణ్యం కొంచెం నా ఖాతాలో వేసుకుందామని వెంట నడిచాను కూడా.

కమిటీ కార్యదర్శి తన బల్ల దగ్గర ఆపిలు కోసుకుంటోంది. విని, మర్యాదగానే చెప్పింది. "తప్పకుండా సార్. చెప్పినదాన్ని సరిదిద్దుకునే హక్కు ఎవరికైనా ఉంది. అధ్యక్షురాలు మళ్ళీ ఇద్దర్నీ పిలుస్తారు. మీరు చెప్పేది నిజమని తేలితే, ఆవిడ పొరపాటు పడలేదన్నమాట. పడకుండానే పడ్డానని ప్రమాణం మీద ఎందుకు చెప్పారని ఆవిణ్ణి అడుగుతారు. అంతే. రాసిస్తారా?"

మా వెనక చెల్లి వచ్చి నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలీదు.

"వద్దు బావా," అంది.

"తప్పు నాదమ్మా. నేనే..."

"నీదే. కాదన్నానా? కానీ ఇప్పుడు నువ్వు చెబితే ఏమవుతుందో విను. పొరపాటు పడిన మనిషిని మన్నిస్తారు. ప్రమాణం చేసి అబద్ధమాడిన మనిషిని మన్నించరు. అలాంటిది చేపల్ని లెక్కపెట్టానంటే ఎవరు నమ్ముతారు? నా పాత లెక్కలన్నీ చెత్తబుట్టలోకి పోతాయి. నిధి ఇస్తామంటున్నది ఆ లెక్కలు చూసే. అదీ పోతుంది."

"మరి నన్నేం చెయ్యమంటావ్?"

"ఏమీ చెయ్యకు. నువ్వు చెబితే నీ మనసు తేలికవుతుంది బావా, అంతే. చేపకేమీ ఒరగదు."

కోపంగా అనలేదు. కోపంగా అనుంటే బాగుండును. ఆయన గోడకానుకుని, అంత మనిషీ చిన్నగా అయిపోయారు.

చెల్లి నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పక్కా. ఆఫీసుకి తెలీకుండా చేస్తున్నాడని నీకు తెలుసా?"

"తెలీదే," అన్నాను.

ఎంత తొందరగా వచ్చిందో ఆ మాట! మా ఆయన నా వైపు చూశారు, ఏమీ అనలేదు. మా ఇద్దరికీ పెళ్ళి అంత గట్టిగా జరిగిందని నాకు ఆ రోజే తెలిసింది. చెల్లి తలూపి, "సరేలే, పదండి. టీ తాగుదాం," అని ముందు నడిచింది.

బిల్లు నెగ్గింది. మూడో క్లాజు పోలేదు, మారిపోయింది. నీళ్ళు నెమ్మదిగా దించడం సాధ్యంకాదని తేలినందున, దించిన ప్రతిసారీ గులకల్లో చిక్కిన పిల్లల్ని నిధి సొమ్ముతో మనుషుల్ని పెట్టి ఏరించి నదిలో వదలాలి అని రాశారు. ముందు తోసేసి తర్వాత చెయ్యి అందించడమన్నమాట. కరెంటుకీ చేపకీ మధ్య ఇంతకన్నా చక్కటి రాజీ లేదని పత్రికలు మెచ్చుకున్నాయి. ఏరించే పనికి పెద్దగా మా చెల్లినే వేశారు. కంపెనీవాళ్ళు వచ్చి దాని చెయ్యి పట్టుకుని ఊపి వెళ్ళారు.

ఇక మా ఆయన మెల్లిగా దించడానికి లేదు. కుదరదని ప్రమాణం చేసి చెప్పిన మనిషి కుదిరించి చూపిస్తే ఎలా? ఒడ్డున నిలబడ్డ ఎవరికైనా కనబడిపోతుంది. లోడు ఆఫీసు ఎలా అంటే అలా, ఒక్కసారిగా దించడమే. ఇంట్లో మేము ముగ్గురమూ ఒకే బల్ల దగ్గర తింటున్నాం, కూర ఇటివ్వు, నీళ్ళు అటివ్వు అనుకుంటున్నాం. చెల్లి గుమ్మంలోంచి కేకలు పెట్టడం మానేసింది. మిగతా అంతా మామూలే. బావని ఇదివరకటిలాగే ఆటపట్టిస్తుంది. ఆయన నవ్వుతారు, అది లేచి వెళ్ళాక కంచం పక్కకి తోసేస్తారు.

కొత్త చట్టం కింద మొదటిసారి ఏరే రోజు మనుషులు చాల్లేదు. షాపు మూసి నేనూ వెళ్ళాను. ఒడ్డున ఇరవైమందిదాకా ఉన్నారు, కూలికి వచ్చినవాళ్ళు, నాలాగా ఊరికే వచ్చినవాళ్ళు. చేతుల్లో వెడల్పు పళ్ళేలు, తడిగుడ్డలు. నది నిండుగా పారుతోంది. డ్యాంలో డ్యూటీలో ఎవరున్నారో నాకూ చెల్లికీ తెలుసు, మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

నీళ్ళు దిగాయి. నేను అంతకుముందు దగ్గర్నుంచి ఎప్పుడూ చూడలేదు. అంత వెడల్పు నది, చూస్తూ ఉండగానే అంచులు వదిలేసి నడిమికి లాక్కుపోయింది. తడిరాళ్ళు తేలాయి. ఆ రాళ్ళ మధ్య మొత్తం ఏదో మెరుస్తోంది, కదులుతోంది. మొదట నీటిచుక్కలనుకున్నాను.

"వంగండి! పెద్దగుంటలు తర్వాత, ముందు చిన్నవి!" చెల్లి అరిచింది.

వంగాం. వేళ్ళతో పడితే నలిగిపోతాయి. తడిగుడ్డ కింద దోపి, పైకెత్తి, పళ్ళెంలోకి జార్చాలి. సూది పట్టిన చేతులు కాబట్టి నాకు తొందరగానే పట్టుబడింది. కొన్ని రాళ్ళకింద ఉండిపోయాయి, చెయ్యి దూరదు, లోపల కొట్టుకోవడం తెలుస్తుంది, తర్వాత తెలియదు. ఒక గుంట ఖాళీచేసి తలెత్తితే పక్కన ఇంకో పది గుంటలు. ఎండెక్కింది. ఏరినన్ని ఏరాం. ఏరలేనన్ని ఉన్నాయి.

షిఫ్టు దిగి మా ఆయన వచ్చారు. ఇంటికెళ్ళకుండా, డ్యూటీ బట్టల్లోనే, ప్యాంటు మోకాళ్ళపైకి మడుచుకుని వచ్చారు. ఒక పళ్ళెం తీసుకుని నీళ్ళు లేని గుంట దగ్గర మోకాళ్ళమీద కూర్చున్నారు. దాంట్లో బతికున్నవి తక్కువ. ఒక్కొక్కటే తీసి చూస్తున్నారు. చచ్చినవాటిని కూడా పళ్ళెంలోనే వేస్తున్నారు, పారెయ్యడానికి చెయ్యి రాక కాబోలు.

పక్కన ఏరుతున్న ముసలమ్మ చెల్లిని అడిగింది. "ఎవరమ్మా ఆయన? డ్యాం ఆఫీసరులా ఉన్నాడు, ఇక్కడ బురదలో కూర్చున్నాడేమిటి?"

చెల్లి నడుము పట్టుకుని లేచి నిలబడింది. అందరికీ వినబడేలా, గట్టిగా, "మా బావ. పొద్దున్నించీ డ్యూటీ చేసి, తిండైనా తినకుండా వచ్చాడు. ఈ చేపలంటే మా బావకి ప్రాణం," అంది.

వెటకారం కాదు. దాని గొంతు నాకు తెలుసు. నిజంగానే అంది. అందరూ చేతిలో పని ఆపి ఆయన వైపు తిరిగారు. ఎవరో చప్పట్లు కొట్టారు, మిగతావాళ్ళు అందుకున్నారు. ఆయన తల ఎత్తలేదు. మెడ వెనకభాగం ఎర్రగా కందిపోయింది, చేతిలో పళ్ళెం ఒరిగి నీళ్ళు ఒలికాయి. చెల్లి వెళ్ళి ఆ పళ్ళెంలో మళ్ళీ నీళ్ళు పోసింది.

ముసలమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. "మీవారా? ఈ కాలంలో ఇలాంటి మనిషి ఎక్కడ దొరుకుతాడమ్మా! అదృష్టవంతురాలివి."

ఔనన్నాను.